తోటి కానిస్టేబుల్ నీకు చెప్పుకున్న మాట సీఐ సార్‌కి చెప్పాల్నా?

తమ్మీ, నువ్వు రాసింది రెండు సార్లు చదివిన. నీ బ్యాచ్‌మేట్ ఎస్సారెస్పీ కాల్వల పడ్డ ఇద్దరు చిన్నపిల్లల పంచనామాకి పోయొచ్చిన కాడ్నుంచి సరిగ పండుకుంటలేడు, మూడు వారాలైంది, డ్యూటీ దిగంగనే మందు, ఇంట్ల భార్యతోని మాటల్లేవు, నీకొక్కనికే చెప్పి ఎవ్వరికి చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నడు. అదే టైంల పీర్ సపోర్ట్ అని, అంటే తోటి పోలీసోళ్ల మనసు కష్టం విని సాయం చేసే పనికి, పైనుంచి నీ పేరే రాసుకున్నరు. సోమవారం నుంచి ఆయనకి ఆయుధంతోని గార్డు డ్యూటీ పడ్డది. ఇప్పుడు ఒట్టు నిలబెట్టుకోవాల్నా, సీఐ సార్‌కి చెప్పాల్నా, అసలు డిపార్ట్‌మెంట్ లోపల ఉన్నోడు ఈ పని రహస్యంగ చేయగలడా అని అడిగినవు.

నేను 1984ల కానిస్టేబుల్‌గ ఎక్కి 2020ల ఏఎస్సైగ దిగిన, ఉమ్మడి వరంగల్ జిల్లాలనే నా సర్వీసంతా గడిచింది. చివరి పదిహేనేండ్లు ఎవరూ పెట్టకపోయినా ఈ పనే చేసిన, రిటైరైనంక కౌన్సెలింగ్‌ల డిప్లొమా కూడ చేసిన. కాబట్టి నాకు తెల్సిన కాడికి చెప్త, కొంచెం పొడుగైతది, ఓపిక పట్టు.

ముందు సోమవారం సంగతి. మిగతాదంతా తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఆయన్ని నువ్వు ఒక్క మాట సూటిగ అడగాలె. "చచ్చిపోవాలని అనిపిస్తుందారా?" అని, ఆ మాటనే వాడాలె, తిప్పి తిప్పి అడగొద్దు. "నువ్వు అట్లాంటి పిచ్చి పనేం చెయ్యవు కదా" అని అసలే అడగొద్దు, అట్ల అడిగితే ఎవడైనా చెయ్యననే అంటడు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తమేమో అని మనోళ్లందరికి బుగులు ఉంటది, కానీ అట్ల కాదని చదువుకున్నోళ్లు మస్తు సార్లు పరిశీలించి చెప్పిండ్రు, అడిగినందుకు మనిషికి బరువు దిగుతది తప్ప పెరగదు. అవునంటే ఇంకో రెండు అడుగు, ఎట్ల ఎప్పుడు అని ఏమన్నా అనుకున్నవా, ఇంతకుముందు ఎప్పుడన్నా ప్రయత్నం చేసినవా. వీటిల దేనికైనా అవునంటే ఆ రోజు ఆయన్ని ఒంటరిగ వదిలిపెట్టకు, డాక్టర్ దగ్గరికి నువ్వే తీస్కపో, ఇంట్ల భార్యకో అన్నకో తెల్వనియ్యి. సూటిగ అడిగినంక కూడ లేదనే అంటే మంచిదే, కానీ మూడు వారాల నిద్రలేమి, రోజూ మందు, చేతుల వెపన్ మూడు ఒక్క దగ్గర ఉన్నయి, కాబట్టి గార్డు డ్యూటీ మాత్రం కొన్ని రోజులు తప్పించాల్సిందే. ఎట్లాంటి గడియ అయినా దాటిపోతది, ఆ గడియల చేతికి అందే దూరంల ఆయుధం ఉండొద్దు, మనకి కావాల్సింది అంతే.

ఇగ దాన్ని ఎట్ల చేయాలె అన్నది అసలు ముచ్చట. ఆయనకి తెల్వకుండ పోయి సార్‌కి చెప్పకు. ఆయన ముందల కూసొని "అన్నీ నా దగ్గర్నే ఉంటయి గని ఈ ఒక్క విషయం నేను కడుపుల దాచుకోలేను, నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా, ఇద్దరం కలిసి పోదామా" అని అడుగు. నా అనుభవంల పదిమందిల ఎనిమిది మంది కలిసే పోదాం అన్నరు. పోయినంక కూడ సార్‌కి చెప్పాల్సింది రెండే ముక్కలు, "సార్, ఈయనకి పానం మంచిగ లేదు, నెల రోజులు ఆయుధం లేని డ్యూటీ కావాలె, నేను దవాఖాన తీస్కపోతున్న." కాల్వ సంగతి, మందు సంగతి, భార్య సంగతి ఏదీ చెప్పొద్దు. సార్ అడిగినా చెప్పొద్దు. మంచి ఆఫీసర్ అయితే కోర్టు డ్యూటీకో రిసెప్షన్‌కో మార్చి ఊకుంటడు, రోల్ కాల్‌ల పేరు తియ్యడు.

రోల్ కాల్ మాట ఎందుకన్ననంటే, ఒక ముచ్చట చెప్త. చాన ఏండ్ల కింద, ఏ స్టేషన్ అనేది వద్దు, నా సోపతిగాడు ఒకడు తమ్ముడు చచ్చిపోయిన మనాదిల పడి డ్యూటీల తప్పులు చేస్తుంటే, ఆయన మంచి కోసమే అనుకొని నేను పోయి పై ఆఫీసర్‌కి చెప్పిన. తెల్లారి రోల్ కాల్‌ల అందరి ముందర "ఇగో వీనికి మైండ్ సక్కగ లేదట" అని చదివిండు. వారంల హెడ్ క్వార్టర్స్‌కి అటాచ్ చేసిండ్రు. ఆయన నాతోని ఆరేండ్లు మాట్లాడలే. అంతకంటే పెద్ద నష్టం ఏందంటే, ఆ స్టేషన్‌ల ఉన్న నలభై మందిల ఒక్కడు కూడ తర్వాత ఎవ్వరికీ ఏదీ చెప్పుకోలే. ఆఫీసర్‌ది తప్పే, కానీ ఒక మనిషి సంగతి ఆయన్ని అడగకుండ మోసుకపోయింది నేను, అందుకే ఇది నీకు ఇంత గట్టిగ చెప్తున్న.

నీ రెండో ప్రశ్న, ఈ పని రహస్యంగ చేయొచ్చా అంటే చేయొచ్చు, కానీ "ఎవ్వరికి చెప్పను" అని ఒట్టు పెట్టే పద్ధతిల మాత్రం కాదు. ఒట్టు పెట్టినోడు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని తప్పాల్సి వస్తది, నీకు ఇప్పుడు అదే అయింది కదా. అవుతలోడు నోరు తెరవకముందే హద్దు చెప్పాలె. నేను ప్రతి ఒక్కనికి ఇట్ల చెప్పేటోన్ని, నువ్వు నీ మాటల చెప్పుకో: "నాకు చెప్పింది నీ ఇంట్లకి పోదు, స్టేషన్‌కి పోదు, నా పెండ్లానికి కూడ చెప్పను. మూడింటికి మాత్రం నేను ఊకోను. నీ పానానికి గాని, ఇంకొకరి పానానికి గాని ముప్పుందని అనిపిస్తే ఊకోను. చిన్న పిల్లల మీద లైంగిక దాడి సంగతి బయటపడ్తే ఊకోను. కోర్టు అడిగితే అబద్ధం ఆడను." ఇంతే. ఇట్ల చెప్తే భయపడి చెప్పకుండ పోతరేమో అనుకుంటవు. పోరు. హద్దు ఎక్కడుందో తెల్సిన మనిషి దాని లోపల ధైర్యంగ మాట్లాడ్తడు.

ఆ మూడు నా ఇష్టంగ పెట్టుకున్నవి కావు. పిల్లల సంగతైతే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద తెల్సినోడు ఎవడైనా చెప్పాల్సిందే, పోలీసోడైతే ఇంకా. కోర్టు సంగతి చాన మందికి తెల్వదు, శ్రద్ధగ విను. లాయర్‌కి చెప్పుకున్న మాటకి, భార్యాభర్తలు ఒకరికొకరు చెప్పుకున్న మాటకి సాక్ష్యం చట్టంల రక్షణ ఉంది, 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చినంక కూడ ఉంది. కానీ ఒక కానిస్టేబుల్ ఇంకో కానిస్టేబుల్‌కి మనసు విప్పి చెప్పిన మాటకి అట్లాంటి రక్షణ లేదు. అమెరికాల 2021 నవంబరుల చట్టం చేసిండ్రు, ఫెడరల్ పోలీసులు పీర్ సపోర్ట్‌ల చెప్పుకున్నది బయట పెట్టొద్దని, వాళ్లు కూడ పానం మీదికి వచ్చే సంగతులకి మినహాయింపు పెట్టుకున్నరు. మన దగ్గర అది వచ్చేదాక నువ్వు చేయగలిగింది ఒక్కటే. ఎవడన్నా ఎంక్వైరీలనో, కేసులనో, చార్జ్ మెమోలనో ఇరుక్కొని వస్తే "ఏం జరిగిందో నాకు చెప్పకు, అది లాయర్‌కి చెప్పు, నీకు లోపల ఎట్లుందో అది నాకు చెప్పు" అని ముందే ఆపు. లాఠీ దెబ్బ తిన్నోడు ఏమన్నడో నీకెందుకు, ఆ రాత్రి కాడ్నుంచి నీ దోస్తుకి అన్నం పోతలేదా అన్నది నీకు కావాలె.

డాక్టర్ దగ్గరికి పోయినంక లెక్క వేరే. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017ల 23వ సెక్షన్ ఉంది, పేషెంట్ సంగతులు రహస్యంగ ఉంచుడు డాక్టర్ బాధ్యత, పానాపాయం, వేరేవాళ్లకి హాని, కోర్టు ఆదేశం అసొంటి కొన్నిట్ల తప్ప. అదే చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించినోన్ని తీవ్రమైన ఒత్తిడిల ఉన్నట్టే చూడాలె, శిక్ష వేయొద్దు, చికిత్స ఇయ్యాలె. ఆత్మహత్యాయత్నం నేరమనే పాత ఐపీసీ 309 సెక్షన్ మనోళ్లకి ఇంకా బుర్రల తిరుగుతుంటది కాబట్టి ఈ మాట ప్రతి ఒక్కనికి చెప్పు. ఆ చట్టంలనే ఇన్సూరెన్స్ కంపెనీలు ఒంటి జబ్బుకి ఎట్లనో మనసు జబ్బుకి కూడ అట్లనే కవర్ ఇయ్యాలని ఉంది.

ఇగ రహస్యం నిజంగ ఎక్కడ పగుల్తదో చెప్త. పెద్ద ఆఫీసర్ల దగ్గర పగిలేది తక్కువ, చాయ్ బండి కాడ, కాయితం మీద, ఫోన్‌ల పగిలేదే ఎక్కువ. మనది అన్నీ రాసే ఉద్యోగం. పొద్దున లేస్తే జనరల్ డైరీ, కేస్ డైరీ, డ్యూటీకి పంపే పాస్‌పోర్ట్ కాయితం, చేతులు రాయకుండ ఉండయి. దీంట్ల ఒక్క అక్షరం రాయకు. నెలకి ఎంతమందితోని కూసున్నవో ఆ నంబర్ ఒక్కటి పైకి ఇయ్యి, పేరు ర్యాంకు స్టేషన్ తారీఖు ఏదీ వద్దు, మూడు నెలలకొక్కసారి రిపోర్ట్ చూస్తం అని ఎవరన్నా అంటే "సార్, నంబరే ఇస్త" అని అక్కడ్నే తేల్చుకో, ఒప్పుకోకపోతే ఈ పని నీ నుంచి కాదని చెప్పు. వాట్సాప్‌ల మాట్లాడకు, ఆయన పంపిన వాయిస్ మెసేజ్ ఫోన్‌ల ఉంచకు. పోలీసోళ్లకి కాల్ డేటా ఎట్ల తీస్తరో తెల్సు కదా, అందుకే ఫోన్ మీద ఎవ్వడు మనసిప్పడు. మనిషి పోయి మనిషిని కలవాలె. నేను ఎక్కువ వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుచుకుంట మాట్లాడేటోన్ని, ఇద్దరు నడుస్తుంటే ఎవ్వనికి అనుమానం రాదు, ఒకల మొఖం ఒకలు చూసుకునే పని కూడ ఉండదు, మనోళ్లకి కండ్లళ్లకి చూసి ఏడ్చుడు కష్టం.

నిన్ను ఎట్ల ఎంచిండ్రో నాకు తెల్వదు, కానీ ఎంచుకునే పద్ధతిలనే సగం పని ఉంటది. స్టేషన్‌ల అందరికి చీటీలిచ్చి "నీకు కష్టమొస్తే ఎవరికి చెప్పుకుంటవు" అని పేరు రాయమనాలె, ఎక్కువ సార్లు వచ్చిన పేరుగల్లోన్ని తీస్కోవాలె. సార్‌కి దగ్గరోన్ని తీస్కోవద్దు, డ్యూటీలు వేసే స్టేషన్ రైటర్‌ని అసలే తీస్కోవద్దు, ఎందుకంటే రేపు ఆయనే నైట్ డ్యూటీ వేస్తే "నేను చెప్పినందుకే" అని అనుమానం వస్తది. అదే స్టేషనోడు కాకుండ వేరే స్టేషనోడు ఉంటే ఇంకా మంచిది, పరకాలోడు కాజీపేటోనితోని మాట్లాడాలె. ఆడ కానిస్టేబుళ్లకి ఆడోళ్లే ఉండాలె, ఒక్కరు కాదు ఇద్దరు ముగ్గురు, వాళ్ల కష్టాలల కొన్ని మన మగోళ్లతోనే వచ్చినయి ఉంటయి, అవి నీకు నాకు చెప్పరు. హోంగార్డులని మర్చిపోకు. వాళ్లకి మనకున్న ఉద్యోగ భద్రత లేదు, చెప్తే పని పోతదేమో అన్న రంది వాళ్లకి మనకంటే ఎక్కువ.

నువ్వు డాక్టర్‌వి కావు, అది ప్రతి రోజు గుర్తుంచుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011ల ఒక పుస్తకం తెచ్చింది, దెబ్బ తిన్న మనిషికి మొదటి సాయం ఎట్ల చేయాలె అని, అందుల సారం మూడు మాటలు: చూడు, విను, కలుపు. పంచనామా నుంచి వచ్చినోడు తిన్నడా లేదా చూడు. స్నానం చేసి ఇంటికి పోయేటట్టు చూడు. చెప్తే విను, చెప్పకపోతే గుంజకు. ఇంకా అవసరమైతే డాక్టర్‌తోని కలుపు. కొందరు ఆఫీసర్లు మంచి ఉద్దేశంతోనే ఘటన జరిగిన రాత్రే అందర్ని ఒక రూంల కూసోబెట్టి ఏం చూసిండ్రో ఒకలెంకల ఒకలు చెప్పుమంటరు, అది చేయనియ్యకు. అట్ల బలవంతంగ చెప్పించుడుతోని లాభం లేదనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది, కొందరికి ఇంకా ఎక్కువైతది. ఆ రాత్రి పండుకోనియ్యాలె, రెండో రోజు ఫోన్ చేయాలె, వారానికి ఒకసారి కలవాలె, నెలకి మళ్ల అడగాలె. చాన మందికి ఆ కలలు, ఉలిక్కిపడుడు నాలుగు వారాలల తగ్గుకుంట వస్తయి. నెల దాటినా తగ్గకుంటే, లేకుంటే నెల కాకముందే మందు పెరుగుతుంటే, నీ దోస్తుకి అయినట్టు, అప్పుడు ఆగొద్దు.

నాకు ఇది ఎక్కడ తెల్సిందంటే పుస్తకాలల కాదు. ఆ నక్సలైట్ల రోజులల మనం బస్సెక్కితే యూనిఫాం సంచిల మడత పెట్టుకొని పోయేది, పక్కింటోనికి కూడ నౌకరేందో చెప్పకపోయేది. మందుపాతర పేలిన తావుకి మా పార్టీ పోయింది ఒకసారి, అక్కడ చూసింది రాయను. వచ్చినంక నాకు మాట పడిపోయినట్టే అయింది, ఎవరన్నా తలుపు గట్టిగ వేస్తే నేల మీద పండుకునేటోన్ని. మా స్టేషన్‌ల ఒక ముసలి హెడ్ కానిస్టేబుల్ ఉండే, నన్ను ఏం అడగకుండ ప్రతి రోజు సాయంత్రం పక్కకొచ్చి కూసునేటోడు, ఒక బీడీ ముట్టిచ్చేటోడు. పదకొండో రోజో పన్నెండో రోజో నేనే మొదలు పెట్టిన. ఆయన మొత్తం విని, "నాకు 20 ఏండ్ల కింద ఒక చావు చూసినంక ఇట్లనే అయింది, ఇప్పటికి మాంసం కాల్తే ఆ వాసన గుర్తొస్తది, కానీ బతికే ఉన్న, పిల్లల పెండ్లిళ్లు చేసిన" అన్నడు. పెద్ద చదువుకున్న డాక్టర్ ఎవరన్నా ఆ మాట అంటే నాకు అంత ఎక్కకపోవు. అదే ఖాకీ ఏసుకున్నోడు అన్నడు కాబట్టి ఎక్కింది. నీ చేతుల ఉన్నది ఆ ఒక్కటే, తమ్మీ, అది చిన్నది కాదు.

ఇది ఊకె మాట్లాడుకునే ముచ్చట అనుకునేటోళ్లకి ఒక లెక్క చెప్పు. కెనడాల మాంట్రియల్ పోలీసోళ్లు 1997ల ఒక కార్యక్రమం పెట్టిండ్రు, నాలుగు వేల పైచిలుకు మంది ఫోర్స్. అందరికి సగం రోజు ట్రైనింగ్, సూపర్‌వైజర్లకి యూనియనోళ్లకి ఒక రోజు ట్రైనింగ్, తోటి పోలీసులే ఎత్తే ఫోన్ లైన్, ఊరంత పోస్టర్లు కాకుండ స్టేషన్‌ల లోపల పోస్టర్లు. 12 ఏండ్లల ఆత్మహత్యల రేటు 79 శాతం తగ్గింది, అదే క్యూబెక్‌ల మిగతా పోలీసులల అట్లాంటి తగ్గుదల కనపడలే. మన దేశంల కూడ తమిళనాడు పోలీసులు బెంగుళూరుల ఉన్న మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌తోని కలిసి సిబ్బందికి వెల్‌బీయింగ్ ప్రోగ్రాం నడిపిండ్రు. మాంట్రియల్ దాంట్ల నాకు నచ్చింది పై ఆఫీసర్లకి వేరే ట్రైనింగ్ ఇచ్చుడు. మన దగ్గర కింది నుంచి పీర్ సపోర్టర్లని తయారు చేసి, పైన రోల్ కాల్ ఆఫీసర్‌ని అట్లనే వదిలేస్తే ఏం లాభం లేదు.

ఒక మాట నీ ఆఫీసర్లతోని కూడ అను. మేడారం జాతర బందోబస్త్ చేసొచ్చినోన్ని తెల్లారే ఇంకో బందోబస్త్‌కి పంపి, బతుకమ్మకి ఇంట్ల ఉండనియ్యకుండ, లీవ్ అడిగితే మెమో ఇచ్చి, పీర్ సపోర్ట్ పెట్టినమంటే సరిపోదు. 2024 అక్టోబరుల బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు, పిల్లలు రోడ్డెక్కింది ఎందుకు, ఇంటోడు ఇంట్ల ఉంటలేడనే కదా. నీ దగ్గరికి వచ్చేటోళ్లల సగం మందికి కావాల్సింది నాలుగు రోజుల నిద్ర. పేర్లు లేకుండ "ఈ నెల వచ్చినోళ్లల ఇంతమందికి లీవ్ దొరుకుతలేదు" అని పైకి చెప్పే హక్కు నీకుంది, చెప్పు.

డాక్టర్ సంగతి. వరంగల్ ఎంజీఎం దవాఖానల మానసిక వైద్య విభాగం ఉంది, కానీ ఎంజీఎంకి మనోళ్లు రోజూ ఏదో పంచనామాకి, మెడికో లీగల్ కేసుకి పోతనే ఉంటరు, కనపడ్తనని నీ దోస్తు పోనంటడు. ఆ భయాన్ని కొట్టిపారెయ్యకు. టెలీ మానస్ 14416కి చేస్తే ఫ్రీ, 24 గంటలు, తెలుగుల మాట్లాడ్తరు, 2022 నుంచి ఉంది, మొదటి కాల్ నీ పక్కన కూసోని నీ ఫోన్ నుంచే చేయమను. తర్వాత ప్రైవేట్‌ల చూపిచ్చుకుంటడో, హైదరాబాద్‌ల ఎర్రగడ్డ పోతడో ఆయన ఇష్టం, నువ్వు తోడు పో. మందు రోజూ తాగేటోడు ఒక్కసారిగ బంద్ చేస్తే వణుకు, ఫిట్స్ వచ్చే ముప్పుంది, కాబట్టి "రేపటి నుంచి ముట్టనని ఒట్టెయ్యి" అని మాత్రం అనకు, డాక్టర్ చెప్పినట్టు తగ్గియ్యాలె.

నీ సంగతి కూడ. నలుగురి రంది నువ్వొక్కడివే మోస్తే ఆర్నెల్లల నువ్వే పండుకోవు. పేర్లు చెప్పకుండ నీ బరువు దించుకునేటందుకు డిపార్ట్‌మెంట్ బయటి సైకాలజిస్ట్ ఒకరు నెలకొక్కసారి ఉండాలని అడుగు, అది ట్రైనింగ్ కంటే ముఖ్యం.

ఇప్పుడు శుక్రవారం రాత్రి. ఆదివారం పొద్దుగాల ఆయనింటికి పో, పిల్లలుంటే వాళ్లకేదన్న పట్టుకొని పో. రాత్రి తాగి ఉంటడు, నువ్వు పోయేవరకి దిగుతది, ముందు టిఫిన్ తినిపియ్యి, చెరువు కట్టకి తీస్కపో. ఇద్దరు కొంచెం దూరం నడిచినంక ఆ మాట అడుగు. జవాబు ఏదైనా సరే, సాయంత్రం లోపల ఇద్దరు కలిసి పోయి సోమవారం గార్డు డ్యూటీ మార్పిచ్చుకొని రాండ్రి.